హవల్లీలో భిక్షమెత్తిన శుక్రవారం

ఆ రోజుల్లో కువైట్‌లో మా పిల్లలకు దేనికీ లోటుండేది కాదు, ఒక్క తాతలకు తప్ప. ఎనభైల మొదట్లో హవల్లీలో మేమున్న నాలుగంతస్తుల బిల్డింగు మొత్తం గాలించినా తెల్లజుట్టు మనిషి దొరికేవాడు కాదు. అందరూ ఉద్యోగాల వయసువాళ్లు, తతిమ్మా మేము, వాళ్ల పిల్లలం. ముసలివాళ్లంటే వేసవి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు కనిపించేవాళ్లు, అంతే. అలాంటి చోట ఒక చలికాలం మా నాన్న విజిట్ వీసా తీసి, రాజంపేట నుంచి మా తాతను మూడు నెలలకు పిలిపించుకున్నాడు. బిల్డింగంతటికీ తాత ఉన్న ఇల్లు మాదొక్కటే! పదకొండేళ్ల నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. స్కూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన గురించి ఒకటే కోతలు కోసేదాన్ని. (ఆయన పులిని ఎదురుగా చూశాడని కూడా చెప్పాను. చూసింది నిజమే, సర్కసులో.)

ఆ సంబరం సరిగ్గా వారం నిలిచింది. మా పైఅంతస్తులో కడపవాళ్లుండేవాళ్లు. వాళ్లబ్బాయి నా తరగతే. ఆ వేసవిలో ఊళ్లో ఒడుగు చేయించుకుని నున్నటి గుండుతో దిగాడు కాబట్టి, జుట్టు మళ్లీ మొలిచినా వాడు మాకు గుండుగాడే. పరీక్ష అంటే చాలు, పొద్దున్నే వాంతి చేసుకునే రకం. ఒడుగైతే అయింది గానీ వాడికి సంధ్యావందనం నేర్పే దిక్కు లేదు. వాళ్ల నాన్నకు ఆచమనం దాటితే బండి ముందుకు నడవదు. మా తాత రిటైరైన తెలుగు పండితుడని తెలియగానే వాళ్ల నాన్న డజను అరటిపళ్లు, కొడుకు, రెండూ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అయ్యా, వీణ్ణి మీ చేతిలో పెడుతున్నా. మీరే దారిలో పెట్టాల" అన్నాడు. పాఠం చెప్పక ఏళ్లయి నోరు దురద పెడుతున్న మా తాత వాడి తల నిమిరి, "రేపట్నుంచి తెల్లారుజామున మిద్దె మీదికి రా నాయనా" అన్నాడు. నాయనా! నన్నెప్పుడూ 'ఒసే పిల్లా' అని పిలిచే మనిషి!

"నేనూ వస్తా తాతా" అన్నాను. "ఒసే పిల్లా, నీకెందుకు ఆ చలిలో? ముసుగు తన్ని పండుకో. ఆడపిల్లవు, మీ అమ్మ శ్లోకాలు చెప్తుందిలే" అన్నాడు. మా అమ్మ తాలింపు పెడుతూ శ్లోకాలు చెప్పేది. వాటిలో సగం 'ఆ ఆవాల డబ్బా ఇటియ్యి' లాంటి మాటలే ఉండేవి. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు వాళ్ల వెనకే చప్పుడు చేయకుండా మెట్లెక్కి, నీళ్ల ట్యాంకు చాటున నక్కాను. టీవీ యాంటెన్నాల నడుమ ఒక మూల మా బిల్డింగు కాపలాదారు, ఈజిప్టు హారిస్, తెల్లవారి నమాజు ముగించి చాప చుట్టుకుంటున్నాడు. ఇంకో మూల గుండుగాడు చన్నీళ్ల స్నానం చేసొచ్చి పళ్లు టకటకలాడిస్తూ, సముద్రం వైపు తిరిగి అర్ఘ్యం వదులుతున్నాడు. ఆ తర్వాత సూర్య నమస్కారాలు, ఆ తర్వాత కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి పీల్చి వదలడం. "చదువుకునేవాడికి కాకికున్నంత పట్టుదల, కొంగకున్నంత ధ్యాస, కుక్క నిద్ర ఉండాల నాయనా" అంటున్నాడు తాత. వాడికి కుక్క నిద్ర వచ్చిందో లేదో గానీ, ట్యాంకు చాటున నాకు కుక్క కోపం వచ్చింది. చివర్లో తాత తన భుజం మీది తుండుగుడ్డ తీసి, వాడి తడి తల గట్టిగా తుడిచాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ తుండుగుడ్డ నాది! (అంటే తాతదే, కానీ నాది.)

నెల తిరిగేసరికి గుండుగాడికి వాంతులు ఆగిపోయాయి. పరీక్ష రోజున పప్పన్నం తిని, బస్సులో కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. లెక్కల్లో నన్ను దాటేశాడు. మా అమ్మ పొద్దున లేస్తే "చూడే వాణ్ణి" అనే మాటతోనే నన్ను లేపేది. నేనూరుకున్నానా? వాడి ఉద్ధరిణిని మా బియ్యం డబ్బాలో దాచాను. వాడు నీళ్లు అరచేతిలోకి వంచుకుని ఆచమనం కానిచ్చి, 'తెలివైనవాడివి నాయనా' అని ఇంకో మెప్పు కొట్టేశాడు. కుళ్లు అంటారే, అది నాకు అరికాలి నుంచి నడినెత్తి దాకా ఉండేది. దాచుకుని లాభం లేదు, చెప్పేస్తున్నా.

ఒకరోజు వాడు ఒడుగు ఫోటోల ఆల్బమ్ తెచ్చాడు. పట్టుపంచె కట్టుకుని, వెండి పళ్లెం పట్టుకుని తల్లినీ మేనత్తలనూ భిక్ష అడుగుతున్నాడు. వాళ్లు నవ్వుతూ కెమెరా వైపు చూస్తూ బియ్యం పోస్తున్నారు. తాత ఫోటో చూసి నవ్వి, "పూర్వం విద్యార్థులు నిజంగానే ఇల్లిల్లూ తిరిగేవాళ్లురా. తెచ్చింది గురువు ముందర పెట్టి, ఆయన పెట్టింది తినేవాళ్లు. ఎందుకంటావు? చెయ్యి చాపినోడికి పొగరుండదు. పొగరున్నచోట చదువు నిలవదు" అన్నాడు. ఇందులో పొగరు ముక్క నా తలకెక్కలేదు. 'నిజంగానే ఇల్లిల్లూ' అన్నదొక్కటే ఎక్కింది. వీడు ఫోటోల కోసం అడిగాడన్నమాట! నేను నిజంగా అడిగితే తాత ఎవర్ని మెచ్చుకుంటాడో చూద్దాం అనుకున్నాను.

శుక్రవారం సెలవు. చన్నీళ్లు పోసుకుని (రెండు చెంబులే, మూడోది ధైర్యం చాలలేదు), నుదుటి నిండా విభూతి రాసుకుని, తాత తుండుగుడ్డ జోలె కట్టుకుని, చెప్పుల్లేకుండా బయల్దేరాను. మొదటి తలుపు పాలస్తీనా అత్తది. (బిల్డింగులో ఆడవాళ్లందరూ మాకు అత్తలే.) "భవతి భిక్షాం దేహి!" అన్నాను. ఆవిడ అయోమయంగా చూసింది. తిండికి నాకు తెలిసిన అరబ్బీ మాట "అకిల్" అని జోలె చాపి, వినయం కనబడాలని తల బాగా దించుకున్నాను. ఆవిడ నా బోసికాళ్లూ బూడిద నుదురూ చూసి, "యా హరామ్!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. అయ్యో పాపం అని అర్థమట. గబగబా లోపలికి పోయి ఖుబ్బూస్ రొట్టెలు, ఖర్జూరాలు, గిన్నెడు ఆలివ్ కాయలు తెచ్చి పోసింది. ఈజిప్టు టీచరమ్మ ఉడికిన గుడ్డు పెట్టి కళ్లు తుడుచుకుంది. మలయాళం నర్సక్క అరటిపండు చేతిలో పెట్టి, హిందీలో "ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?" అంది. "ఈ రోజే మొదలుపెట్టాను" అని గర్వంగా చెప్పాను.

నేను పైఅంతస్తులు ముగించుకుని కిందికి దిగేలోపల ఇంటి దగ్గర ఘోరం జరిగిపోయింది. లుంగీ కట్టుకుని పేపరు చదువుకుంటున్న మా నాన్న ముందు పాలస్తీనా అత్త భర్త పెద్ద పళ్లెం దించాడు. అన్నం మీద నిలువెత్తు కోడి. శాకాహారులం మేము! టీచరమ్మ పాత స్వెట్టర్ల మూట తెచ్చింది. నర్సక్క "ఉద్యోగం పోతే మాకొక్క మాట చెప్పకూడదా అన్నా?" అని నొచ్చుకుంది. హారిస్ అయితే మా నాన్న రెండు చేతులూ పట్టుకుని, ఇఖామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితం) ఉన్నంతవరకు భయపడొద్దనీ, తన బావమరిది పనిచేసే గోదాములో మూటలు దించేవాళ్లు కావాలనీ ధైర్యం చెబుతున్నాడు. "ఎవరికి పోయింది ఉద్యోగం?" అని మా నాన్న నాలుగు భాషల్లో అరుస్తున్నాడు. అప్పుడే నేను నిండు జోలెతో, విజయం సాధించిన ముఖంతో లోపలికొచ్చాను.

వాళ్లంతా వెళ్లాక అమ్మ అట్లకాడ తిరగేసింది. "మామయ్యా, చూడండి మీ మనవరాలి నిర్వాకం! ఊరుగాని ఊళ్లో మా పరువు తీసి మిద్దె మీద ఆరేసింది!" అంది. తాత అట్లకాడకు అడ్డం వచ్చి, "ఎందుకు పోతివే?" అన్నాడు. పొగరు అణచుకోడానికి అని మెట్లు దిగుతూ జవాబు తయారుచేసుకున్నాను. నోట్లోంచి అది రాలేదు. "వాడు నా తాతను తీసేసుకున్నాడు!" అని భోరుమన్నాను. "మూడు నెలలకని వస్తివి. రెండు నెలలు వాడికే ఇచ్చేస్తివి. వాడి తల తుడుస్తావు, నా తల ఎన్నడన్నా తుడిచినావా? నువ్వు ఊరికి పోతే మళ్లా ఎప్పుడొస్తావో ఏమో! నాకింక నెలే ఉంది!"

తాత నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, "తెచ్చింది నా ముందర పెట్టు" అన్నాడు. పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. గుడ్డు తీసి హారిస్‌కని పక్కనపెట్టి, ఖుబ్బూస్ తుంచి, ఖర్జూరంతో నా చేతికిచ్చి, తానూ తిన్నాడు. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆలివ్ కాయ నోట్లో వేసుకుని ముఖం అష్టవంకర్లు తిప్పి, "ఊరగాయ పెట్టబోయి కారం మరిచిపోయినట్టుందే ఇది" అన్నాడు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడు మెల్లగా చెప్పాడు. "పోయిన పని మంచిదే గానీ, పోయిన బుద్ధి మంచిది గాదు తల్లీ. వాడి మీద కుళ్లుతో చాపినావు చెయ్యి. సరే, తప్పు నాది గూడా ఉంది. రేపట్నుంచి నువ్వూ మిద్దె మీదికి రా. ముందు వాడూ నువ్వూ పోయి, ఆ ఇళ్లవాళ్లందరికీ సంగతేందో చెప్పి రాపోండి."

గుండుగాడికి అరబ్బీ బాగా వచ్చు. అమ్మ చేసిన పులిహోర గిన్నెలతో ఇద్దరం తలుపు తలుపూ తట్టాం. నా తరఫున వాడు చెబుతుంటే పాలస్తీనా అత్త నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకుని, నన్ను దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. మెట్ల మీద గుండుగాడు ఆగి, "నువ్వు రోజూ ఆయన పక్కన పండుకుంటావు గదా, కథలు చెప్తాడా?" అని అడిగాడు. చెప్తాడన్నాను. "మాకు ఇద్దరు తాతలూ లేరు. పొద్దున ఆ గంట అయిపోతే నాకు కిందికి దిగబుద్ధి గాదు" అన్నాడు. వాడు కూడా నా మీద కుళ్లుకుంటున్నాడని తెలిసి, నాకు జాలి కలగాలి కదా, ముందు భలే హాయిగా అనిపించింది. జాలి రెండు మెట్లు దిగాక వచ్చింది.

మిగిలిన నెలా ముగ్గురం మిద్దె ఎక్కాం. గాయత్రి మాత్రం నాకు చెప్పలేదు, ఆయన కాలం ఆయనది. నమస్కారాలు, శ్లోకాలు, ఊపిరి పట్టడం అన్నీ నేర్పాడు, తల కూడా తుడిచాడు. పొద్దున్నే ఆ చలిలో ఒళ్లు వంచి కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే, ఆ పూట మా అమ్మతో పోట్లాట సగానికి తగ్గేది. తర్వాత ఆయన ఊరికి వెళ్లిపోయాడు. నెల తర్వాత నీలం ఏరోగ్రామ్ ఉత్తరం వచ్చింది, మా ఇద్దరికీ కలిపి. విప్పి చూద్దును కదా, మొదట వాడి పేరుంది, తర్వాత నాది! నా నెత్తి మళ్లీ భగ్గుమంది. అడుగున, అంచు వెంబడి సన్నటి అక్షరాలతో ఇలా ఉంది: "తల్లీ, వాడి పేరు ముందు రాసినాను. నీకు కోపమొస్తుందని తెలుసు. ఎంతసేపటికి తగ్గిందో జవాబు రాయి."

"వెంటనే తగ్గింది తాతా" అని రాశాను. అబద్ధం. మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ ఆ ఉత్తరం గుండుగాడికి చూపించనేలేదు. నిజం చెప్పేలోపలే ఆయన ఈ లోకం నుంచే వెళ్లిపోయాడు. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఎవరి కూతురో, ఎవరి ఇల్లో, ఎవరి మోకాళ్లో నావాటికంటే బాగున్నాయని కడుపు మండినప్పుడల్లా కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడతాను, తెరిచాక గడియారం చూసుకుంటాను. ఈమధ్య ఒక పూటలో తగ్గిపోతోంది తాతా. ఒక్కోసారి రెండు పూటలు.