తుడిచిన చేమాకుతో కుప్పం దాకా

నా తెలుగు గొప్పది కాదు, ముందుగానే మన్నించండి. పగలు ఒక కళాశాల ప్రయోగశాలలో గాజు సామాను కడుగుతూ, రాత్రి కళాశాలలో చదివి పట్టా పొందినవాణ్ణి. నలభై ఎనిమిదో ఏట, తొలిసారి పాఠం చెప్పడానికి మదనపల్లె నుంచి కుప్పం బయలుదేరాను. అక్కడి ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు నాకు ఒక్క పీరియడ్ ఇచ్చారు. పిల్లలు ఆసక్తి చూపితే ప్రతి శనివారం నానో ప్రయోగాలు, అంటే కంటికి కనబడనంత చిన్నవాటి ప్రయోగాలు, చేయిస్తాను. లేకపోతే ఆమె వీడియోతో సరిపెడతారు.

తీసుకెళ్లింది చేమాకులు. వాటిపై నీరు నిలవదు, దొర్లిపోతుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే మైనపు నూగు దానికి కారణం. ముందురోజు సాయంత్రం ఆకులు దుమ్ముగా కనబడ్డాయి. శుభ్రత నా వృత్తి గనుక, సబ్బునీటి గుడ్డతో ఒక్కొక్కదాన్నీ నిగనిగలాడేలా తుడిచాను.

తెల్లవారుజామున బస్సెక్కి, ముప్పావు గంటలో పుంగనూరు చేరాను. అక్కడ ఇడ్లీ తిని, పలమనేరు, వి.కోట మీదుగా పోయే కుప్పం బస్సు పట్టుకున్నాను. దాదాపు మూడు గంటల దారి. ఒకవైపు ఛార్జీలకూ టిఫినుకూ రెండు వందల యాభై రూపాయలు దగ్గర ఉంచుకోండి. టమాటా ట్రేల మధ్య కాళ్లు చాపే వీలు లేక నా మోకాళ్లు పట్టేశాయి.

కండక్టరు నా ఒడిలోని మూటను చూశాడు. “ఏమప్పా, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోనుండావు, ఏముండాది దాంట్లో?”

“చేమాకులు. నానో పాఠానికి.”

“నానో అంటే యూరియా బాటిలు గదప్పా? పైరుకు కొడతాండారు సరే, పిలకాయలకు గూడా కొడతావా?”

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

కుప్పం బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు బల్ల చుట్టూ చేరారు. ప్రధానోపాధ్యాయురాలు గుమ్మంలో నిలబడ్డారు. ఆకుపై నీటి చుక్క వేశాను. దొర్లలేదు, అతుక్కుని పలచగా పరుచుకుంది. రెండో ఆకూ అంతే, మూడోదీ అంతే.

“మా బోరింగు కాడ సేమాకు మీద బాగా దొర్లతాది సార్,” అంది నవనీత అనే అమ్మాయి. “ఇది ఏల తోమినట్టుండాది?”

ఆకు వాడిపోయిందని చెప్పవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. “నేనే తుడిచానమ్మా, సబ్బుతో,” అన్నాను.

“అయ్యో, ఆకుకు తలంటు పోసినారా సార్!”

ఈసారి తరగతి నవ్వింది. నవనీత పరుగున పోయి బోరింగు దగ్గరి ఆకును కాడ పట్టుకుని తెచ్చింది. దానిపై చుక్క గోళీలా జారింది. సగం ఆకును బొటనవేలితో రుద్దమన్నాను. రుద్దిన చోట చుక్క ఆగిపోయింది. ఆకుపై కంటికి కనబడని మైనపు నూగు ఉంటుందని అప్పుడు చెప్పాను.

“మైనం పోయినాది సార్!” అన్నారు పిల్లలు. ఆపైన ఎవరి ఆకును వారు రుద్ది చూసుకోవడానికి బోరింగు వైపు పరుగెత్తారు.

“వచ్చే శనివారం రండి,” అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. “ఆకులు మాత్రం మా పిలకాయలే తెస్తారులెండి.”

తిరుగు బస్సులో ఒళ్లంతా నొప్పులు. ఇన్నేళ్లుగా నేను కడిగిన గాజు సామాను గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు నేను తుడిచిన ఆకు గురించి ఒక పిల్ల అడిగింది, తరగతంతా రుద్ది చూసింది. కళ్లు మూసుకున్నా నిద్ర రాలేదు.

మీరూ ఇలా పాఠం చెప్పడానికి వెళితే, చేమాకును కాడ పట్టుకుని తీసుకెళ్లండి, తుడవకండి. ఇది చదివాక, ప్రయోగశాల బీరువాకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకునే ఉపాధ్యాయుడికి ఇవ్వండి. ఆయన తర్వాత, ఆ బీరువాలోని సామాను కడిగే అటెండరుకు.