గంపలో పెట్టిన పుంజు

ఎనభైల్లో ఒక ఎండాకాలం. మాచర్ల బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. కాళ్ల దగ్గర గంపలో నాలుగు పడుచు పుంజులున్నాయి. ఐదోదాన్ని ఒళ్లో పట్టుకుంది. మిగతావి పొడిచిన గాయం దాని తోక మొదట్లో ఉంది.

"దాన్నీ గంపలో వెయ్యరాదా పెద్దమ్మా? చీరంతా నెత్తురవుతోంది," అన్నాను.

"నెత్తురు కనబడితే అయ్యి ఆగవయ్యా. మానిందాకా దీన్ని ఏరుగా ఉంచాల. ఆ నాలుగూ అమ్మటానికి. మా పుంజును నక్క ఎత్తుకపోయింది. ఇంటికాడ పెట్టలకి ఇంక ఇదే దిక్కు."

గురజాలలో టైరు పంక్చరై బస్సు ఆగింది. ఆమె పుంజును నా చేతికిచ్చి, "గంపలో మాత్రం వెయ్యమాక నాయనా," అని నీళ్లకోసం దిగింది. నా తెల్లచొక్కాకు నెత్తురంటింది. కాసేపే కదా అని దాన్ని గంపలో పెట్టి, టీ తాగడానికి దిగాను.

నేను తిరిగొచ్చేసరికి ఆమె గంప ముందు కూర్చుని ఉంది. ఒళ్లో పుంజు మెడ వాలిపోయి ఉంది. ఆమె నా చొక్కా వైపు చూసింది.

"చన్నీళ్లతో ఉతుకు నాయనా. యేణ్ణీళ్లు పోస్తే మరక ఉండిపోద్ది."

మరక మొదటి ఉతుకుకే పోయింది. ప్రతి సంగతీ రాసుకునే నేను, ఆనాటి డైరీలో బస్సు గంట ఆలస్యమని మాత్రమే రాశాను.