తాత జేబు కుడివైపుకు వచ్చిన డిస్కు

మగ్గం గదిలోని డీవీడీ ప్లేయర్‌ను పాత సామాన్లకు వేసేద్దామని నిన్న దుమ్ము దులుపుతుంటే, ఏ బటన్ తగిలిందో, లోపలున్న డిస్కు బయటికి వచ్చింది. దాని మీద నా చేతిరాతే: ‘తాత, మూడోది’. డిస్కును లోపలికి తోసి, ప్లేయర్ మీద మళ్లీ గుడ్డ కప్పేశాను. మొదటిదీ రెండోదీ ఏమయ్యాయో నా పాత డైరీలో ఉంది. చెప్పాల్సింది మాత్రం మా మేనత్త గురించి.

మాది గద్వాలలో నేత ఇల్లు. మా చీరలకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. రెండూ కలిసే చోట ఒక్కొక్క నూలుపోగును ఒక్కొక్క పట్టుపోగుతో కలిపి, వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. ఆ పని మా ఇంట్లో తాతదే. అత్త నూలును కండెలకు చుట్టేది, ఒళ్లంతా నేసేది, అతుకు దగ్గరికి రాగానే మగ్గం మీంచి లేచి తాతకు చోటిచ్చేది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. ఒక చీర సరిగ్గా అక్కడిదాకా వచ్చినప్పుడే తాతకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా పోయాయి. దవాఖాన నుంచి తెచ్చాక, సైగ చేసి మరీ మంచం మగ్గం గదిలో వేయించుకున్నాడు. పగలూ రాత్రీ ఆ ఆగిపోయిన చీరనే చూసేవాడు, కంటినిండా నిద్రపోయేవాడు కాదు. అతికే మనిషిని పంపిస్తామని వాడకట్టువాళ్లు అంటే అత్త ఒప్పుకోలేదు. “ఒక్కపారి బయటోళ్లతోని అతికిస్తే ఇగ ఎప్పటికీ వాళ్లనే పిలువాలె. నాయిన కండ్ల ముంగటనే నేను నేర్చుకుంట” అన్నది.

అంతకు కొన్ని నెలల ముందు తాత అతుకుతుండగా నేనొక వీడియో తీశాను. పక్కన కూర్చుంటే పనికి అడ్డమని ఎదురుగా కూర్చుని తీశాను. వీడియో అనగానే ఆయన బనీను మీద చొక్కా తొడుక్కుని వచ్చాడు. అది ఫోన్లో చూపిస్తే అత్త కళ్లు చికిలించి, “గింత బొమ్మల పోగులేడ కనబడ్తయే” అన్నది. గదిలో పాత టీవీ, పెళ్లి డిస్కులు చూడడానికి కొన్న ప్లేయర్ ఉన్నాయి. దాని రిమోటుకు బొమ్మను నెమ్మదిగా నడిపే బటన్ కూడా ఉంది. వీడియోను ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎక్కించాను. ప్లేయర్ కాసేపు గిరగిరా తిప్పి, చదవలేనని తెర మీద రాసింది. పెళ్లి వీడియోలు తీసే దుకాణం ముందు నుంచి మూడుసార్లు నడిచాను గానీ లోపలికి పోయే ధైర్యం రాలేదు. చివరికి అత్తే నా మణికట్టు పట్టుకుని తీసుకుపోయింది. “అన్నా, మా పిల్ల నోరు తెరువది. దీని పరేషాన్ ఏందో జర చూడు.”

“కాపీ చేస్తే గాదక్కా. ఆ ప్లేయర్ చదివే తీరుగ ఫైలు మార్చాలె, అటెన్క డిస్కుల ఎక్కియ్యాలె” అని దుకాణం ఆయన ఒక కాగితం మీద సాఫ్ట్‌వేర్ పేరు రాసిచ్చాడు. నా ముసలి కంప్యూటర్‌కు ఆ మార్పు ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఎనభై శాతం దగ్గర కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. అత్త పక్కనే కండెలు చుట్టుకుంటూ, “అన్నం లెక్కనేనా? నడుమ మూత తియ్యొద్దా?” అని అడిగింది.

రెండో డిస్కు ఆడింది. అత్త వేళ్లతో పోగులు పట్టుకుని, మోచేత్తో రిమోటు నొక్కుతూ నాలుగు రోజులు కూర్చుంది. జానెడు అతికి, మగ్గం మీద బిగువుగా లాగితే పోగులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. మంచంలోంచి తాత ఎడమచేత్తో టీవీ వైపు, తన వైపు మార్చి మార్చి చూపిస్తున్నాడు. టీవీ ఆపమంటున్నాడనుకుని ఆపాను. ఆయన మంచంపట్టె మీద కొట్టాడు. అప్పుడు అత్త లేచి వెళ్లి ఆయన పక్కనే, ఆయన చూసే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుని, నూలుపోగు పట్టుకుంది. తాత ఆమె చేతిని అవతలివైపుకు తిప్పాడు. అత్త తన చేతిని, తర్వాత టీవీని చూసి నా వైపు తిరిగింది.

“నువ్వు ఎదురుంగ గూసోని తీసినవు బిడ్డా. నాయిన కుడిచెయ్యి నాకు ఎడమదిక్కు కనబడ్తుంది. నేను గట్లనే ఉల్టా మెలిపెడ్తున్న.”

నూలుకు వడికినప్పుడే ఒకవైపు పురి, అంటే మెలిక, ఉంటుంది. దానికి ఎదురు తిప్పితే విడిపోతుంది. ఇంతకాలం ఆ ఇంట్లో ఉండి నాకది తట్టలేదు. నేను ఏడుపుముఖం పెడితే అత్త, “తియ్యకపోతే ఇదన్న ఉండేదా? మల్ల మార్చు పో” అన్నది. ఆ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను కుడిఎడమలు తిరగేసే బటన్ దొరికింది. మూడో డిస్కులో గోడ మీది క్యాలెండర్ అంకెలు తిరగబడ్డాయి, తాత చొక్కా జేబు కుడివైపుకు వచ్చింది. “చూడు నాయినా, నీ జేబు యాడికొచ్చిందో” అని అత్త నవ్వితే, తాత సగం నోటితో నవ్వాడు.

అతకడం పూర్తి కావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. చివరిరోజు అత్త మగ్గాన్ని బిగించి లాగింది. ఒక్క పోగూ కదల్లేదు. తాతను ఎత్తి కూర్చోబెట్టాం. ఎడమ బొటనవేలితో ఆ అతుకును ఈ చివరినుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా తడిమాడు. తర్వాత పడుకోబెడితే గోడవైపుకు తిరిగి, దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి, అత్త కొంగు నేయడం మొదలుపెట్టిన ఆ మగ్గం చప్పుడులోనే కంటినిండా నిద్రపోయాడు.

తాత ఇప్పుడు లేడు. అత్త టీవీ వైపు చూడకుండానే అతుకుతుంది, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని. గడిచిపోయిన కాలాన్ని మనం ఎప్పుడూ ఎదురుగా కూర్చునే చూస్తాం. దాని నుంచి ఏదైనా నేర్చుకోవాలంటే మాత్రం లేచి వెళ్లి దాని పక్కన కూర్చోవాలి.