అక్కసు వెళ్లగక్కారు

పాలకొల్లు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మా పేపరే చదువుతున్నారు. దాని ఎడిటర్ని నేనేనని ఆయనకు తెలీదు.

"చూశారాండీ, ఎమ్మెల్యే గారు మాట్లాడితే 'స్పష్టం చేశారు'. అవతలి పార్టీ ఆయన మాట్లాడితే 'అక్కసు వెళ్లగక్కారు'" అని నవ్వారు. "మొన్న కాలవ నీళ్లు కంపు కొడుతున్నాయని మా ఊరి ఆడాళ్లు బిందెలతో రోడ్డెక్కారండి. మరి వాళ్లని ఏమన్నారో అని నాలుగు రోజులుగా వెతుకుతున్నాను."

ఆ వార్త ఫొటోతో సహా మా ఆఫీసుకి వచ్చింది. ఎమ్మెల్యే నాకు స్నేహితుడు. అతను ఫోన్ చేస్తే ఆపేసింది నేనే.

"నాకు చిన్న అక్షరాలు సరిగా ఆనవండి. మీరోసారి చూసి పెడతారా?" అంటూ పేపరు నా చేతికిచ్చారు.

పాలకొల్లు వచ్చేదాకా ప్రతి పేజీ తిప్పి వెతికాను, దొరుకుతుందేమో అన్నట్టు.