ఖాదర్ సార్ తిట్టిన ఆదివారం

ఈ చలికి నా కుడి భుజం పట్టేసింది. పొద్దున్నే మా ఆవిడ అనసూయ నొప్పుల మందు రాస్తూ, "చెయ్యి పైకి లేపు, లోపలిదాంక రుద్దుత" అంది. లేపాను. ఆమె బొటనవేలి కింద రెక్క ఎముక మెల్లగా పక్కకు జరిగింది. ఆ జరగడమూ, ఆ కర్పూరం ఘాటూ రెండూ ఒక్కసారిగా తగిలేసరికి నేను గద్వాలలో లేను. వనపర్తిలో, సైకిల్ దుకాణం పైన ఉన్న ఒక చిన్న గదిలో ఉన్నాను. ఆ గదిలో ఎప్పుడూ ఇదే వాసన. ఏళ్ల తరబడి తల వంచి బొమ్మలు గీసి మెడ పాడుచేసుకున్న ఖాదర్ సార్, రోజుకు రెండు పూటలా ఈ మందే రాసుకునేవాడు.

ఆయనను మీలో ఎవరూ చూసి ఉండరు. అందుకే ముందే చెప్పేస్తున్నాను: పాలమూరు మొత్తంలో ఖాదర్ సార్ చేత తిట్లు తిన్న ఏకైక శిష్యుణ్ణి నేను. ఇందులో గొప్పేముంది అనుకోకండి. నాకు తెలిసి ఇంతకు మించిన సన్మానం లేదు. ఎందుకో చెబుతాను.

ఖాదర్ సార్ హైదరాబాదులో ఒక వైద్య కళాశాలలో బొమ్మలు గీసే ఉద్యోగం చేశాడు. డాక్టరు చదువు చదివే పిల్లల కోసం ఎముకలూ కండరాలూ నరాలూ పెద్ద పెద్ద పటాల మీద గీయడం ఆయన పని. రిటైరై వనపర్తిలో మేనల్లుడి దుకాణం మీది గదిలో దిగాడు. ఆదివారం ఎవరు వచ్చినా మనిషి బొమ్మ నేర్పేవాడు. నేను అప్పుడు గద్వాలలో డ్రాయింగ్ మాస్టరుని. ఊళ్లో గోడల మీద నేను గీసిన బిందె ఎత్తుకున్న ఆడవాళ్లు లేని బజారు లేదు. రెండు వేల సంవత్సరం దాటాక ఫ్లెక్సీలు వచ్చి మా బ్రష్‌లను ఎండగడుతున్న రోజులవి. నేర్చుకోవడానికి వెళ్లానంటే అబద్ధం. నా బొమ్మలు చూసి ఒక పెద్ద మనిషి ముక్కున వేలేసుకుంటే చూడాలని వెళ్లాను.

మొదటి ఆదివారం గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీని సార్ తన భుజం మీది తువ్వాలతో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. సాసరులో కప్పు పెట్టి చాయ్ ఇప్పించాడు. నా బిందె బొమ్మను రెండు చేతులా పట్టుకుని, "బహుత్ ఖూబ్, మాస్టర్ సాబ్. చీర అంచు మస్తు వచ్చింది" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన బాల్‌రాజు ఉన్నాడు. చౌరస్తాల్లో సిమెంటు విగ్రహాలు పోసేవాడు, నాకంటే చాలా చిన్నవాడు. సార్ అతని కాగితం చూశాడో లేదో గది దద్దరిల్లింది.

"అరేయ్ బాల్‌రాజు! గిది భుజమారా, బూడిద గుమ్మడికాయనా? కోటు కుట్టినవ్. కోటు లోపల మనిషేడి? వాడు బయటికి పోయిండా?"

ఆ సాయంత్రం బస్సులో గద్వాలదాకా నవ్వుకుంటూనే వచ్చాను. ఇంట్లో చెప్పాను: "పాపం, వానికి బొమ్మ రాదు అనసూయా. నాకైతే సాసర్ల చాయ్."

కొన్ని ఆదివారాలు గడిచాక గానీ నా బుర్రకు తట్టలేదు. బాల్‌రాజును తిట్టిన ప్రతిసారీ సార్ జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, అతని బొమ్మ మీదనే వెన్నెముక గీసి, పక్కటెముకల గూడు గీసి, తుంటి ఎముకను గిన్నెలాగా కింద పెట్టి చూపేవాడు. "బరువు యాడున్నది? ముందు గది చూడు. మనిషి నిలబడ్డడంటే బరువు ఏదో ఒక కాలు మీదికి దిగుతది. అది తెల్వకుంట నువ్వు ముక్కు చెక్కుతుంటివి" అనేవాడు. అతని కాగితాలు నెత్తుటి గాయాల్లా ఉండేవి. నావి కడిగిన పళ్లేల్లా ఉండేవి. ఒక్క ఎర్ర గీత లేదు. "బాగున్నది మాస్టర్ సాబ్" అని నా కాగితం నాకే భద్రంగా ఇచ్చేవాడు, పెళ్లికి వచ్చిన దూరపు చుట్టానికి తాంబూలం ఇచ్చినట్టు.

అప్పుడు మొదలైంది నాకు కుళ్లు. ఆ వయసులో, నెత్తి మీద సగం జుట్టు ఊడినవాణ్ణి, ఇంకొకడికి పడుతున్న తిట్లను చూసి ఓర్వలేకపోయాను. బాల్‌రాజు బొమ్మలు నా కళ్ల ముందే నిలబడడం నేర్చుకుంటున్నాయి. వాటి మడమలు నేలను తొక్కుతున్నాయి. నా ఆడవాళ్లు మాత్రం తీగ మీద ఆరేసిన చీరల్లా గాలిలోనే ఉన్నారు. ఒకసారి తెగించి కావాలనే చేతికి ఆరు వేళ్లు గీసి పట్టుకుపోయాను. దీనికైనా తిట్టకపోతాడా అని. సార్ వేళ్లు లెక్కపెట్టాడు, నా ముఖం చూశాడు, గొంతు తగ్గించి, "పర్వాలేదు మాస్టర్ సాబ్. బడి పనితోని అలిసిపోయినట్టున్నరు. జర రెస్టు తీసుకోండ్రి" అన్నాడు. బాల్‌రాజు కిటికీ వైపు తిరిగి భుజాలు ఊపుతూ నవ్వాడు. వాడి భుజాలు కూడా ఎముక లెక్కన సరిగ్గానే కదిలాయి.

మరోసారి సార్ మా ఇద్దరినీ పెబ్బేరు పశువుల సంతకు తీసుకుపోయాడు. ఒక బేరగాడు ఎద్దు చుట్టూ తిరిగి, మూపురం పక్కన అరచేత్తో నొక్కి, దాన్ని పది అడుగులు నడిపించి, మళ్లీ నొక్కాడు. "చూసిండ్రా? వాడు తోలు రంగు చూస్తలేడు. లోపల ఎముక ఎట్ల తిరుగుతుందో చూస్తుండు. మనిషిని గూడ గట్లనే చూడాలె" అన్నాడు సార్. పక్కనే ఉన్న తవుడు బస్తాను బాల్‌రాజు భుజానికెత్తించి, వాడి వీపు మీద చెయ్యి పెట్టి రెక్క ఎముక ఎటు జారిందో, నడుము ఎటు ఒరిగిందో వేలితో గీసి చూపించాడు. నేను అంగీ గుండీలు విప్పుతూ, "సార్, నా వీపు గూడ ఉన్నది" అన్నాను. "వద్దు మాస్టర్ సాబ్, తెల్ల అంగీ. ఖరాబైతది" అన్నాడు. ఆ తెల్ల అంగీని అక్కడే, ఆ పేడలోనే పడేసి తొక్కాలనిపించింది.

ఇంటికి వచ్చి అనసూయను బిందె ఎత్తుకుని నిలబడమన్నాను. నీళ్లు నింపే నిలబడాలన్నాను. కాసేపటికి ఆమెకు విసుగొచ్చింది.

"ఏంది గట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్? పెండ్లయిన కొత్తల గూడ గింత చూడకపోతివి."

"కదలకు. బరువు యాడున్నదో చూస్తున్న."

"యాడుంటది? నా నడుం మీదున్నది! వచ్చి నువ్వు మొయ్యి, తెలుస్తది."

ఆమె చెప్పింది విన్నాను గానీ చూడలేదు. నా కన్ను మళ్లీ చీర కుచ్చిళ్ల దగ్గరికే పోయింది. కుచ్చిళ్లు గీయడంలో నన్ను కొట్టేవాడు లేడు మరి.

ఇంతలో సార్ కళ్లకు పొర కమ్మింది. గదిలో గోడలు పట్టుకుని నడిచేవాడు. మనుషులను మాటను బట్టి పోల్చుకునేవాడు. కాగితాన్ని మాత్రం ముక్కుకు ఆనించుకుని చూసేవాడు. కొడుకు హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తాడనీ, ఇక అక్కడే ఉంటాడనీ తెలిసింది. అంటే మిగిలింది ఒక్క ఆదివారం. ఆ రోజూ "బాగున్నది మాస్టర్ సాబ్" అని పంపించేస్తే, నేను జన్మలో ఆయన శిష్యుణ్ణి కాను. సాసరులో చాయ్ తాగి పోయిన అతిథిని, అంతే.

ఆ వారం సార్ మా ఇద్దరినీ బిందె బొమ్మే గీసి తెమ్మన్నాడు. మొదటి బస్సుకే వెళ్లాను. చేతుల కుర్చీని వదిలేసి కిటికీ పక్క ముక్కాలిపీట మీద కూర్చున్నాను. వెలుతురు బాగుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ పీట అంటేనే నాకు అసూయ. తరువాత వచ్చిన బాల్‌రాజు నన్ను చూసి, ఏమీ అనకుండా నా కుర్చీలో కూర్చున్నాడు. సార్ గోడ పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. నా చేతిలోని కాగితాన్ని లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఒరేయ్ గాడిదా! బిందె ఎడమ దిక్కు పెట్టి తుంటిని కిందికి జార్చినవేందిరా? నీళ్ల బిందెకు తుంటే కదరా గద్దె! అది పైకి లేవాలె, పక్కకు పొడుసుకు రావాలె, పై మనిషి ఇటు ఒరగాలె. నడుము లేని మనిషికి చీర కట్టినవ్. నీ బిందె పడి పగిలిపోతది! బరువు యాడున్నదిరా?"

ఎర్ర పెన్సిల్ తీసి, నా కుచ్చిళ్ల మీద నుంచి, నా జరీ అంచు మీద నుంచి, అడ్డంగా ఒక గీత గీశాడు. కాగితం చిరిగింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మెదపలేదు. బాల్‌రాజు దగ్గు కూడా రానివ్వలేదు. ఎన్నో ఏళ్లుగా ఊరంతా నేను నిలబెట్టిన ఆడవాళ్ల తుంటి తప్పు వైపే వాలి ఉందని అప్పుడు తెలిసింది. అయినా ఆ సాయంత్రం తిరుగు బస్సు ప్రయాణమంత హాయిగా నేను మళ్లీ ఏ ప్రయాణమూ చేయలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందట. కానీ సార్ మళ్లీ వనపర్తికి రాలేదు. కొన్నేళ్లకు పోయాడని బాల్‌రాజే ఫోన్ చేసి చెప్పాడు. ఆ చిరిగిన బొమ్మకు వెనక అట్ట అతికించి, అద్దం కట్టించి గోడకు పెట్టాను. ఇప్పటికీ బస్టాండులో కూర్చుంటే నా కన్ను ఎవరి ముఖం మీదికీ పోదు. చంటిపిల్లను చంకనెత్తుకున్న తల్లి, మూట మీద మోచెయ్యి ఆనించిన రైతు, ఒంటికాలి మీద నిలబడి ఫోన్ మాట్లాడే కుర్రాడు, అందరిలో బరువు ఎటు దిగుతోందో చూస్తుంటాను. ఒక్కోసారి ఆడవాళ్లు నన్ను చూసి దూరం జరుగుతారు. "తుంటి ఎముక చూస్తున్నానమ్మా" అని చెప్పలేను కదా.

ఇక ఒక మాట ఒప్పుకోవాలి. తిట్లు తిన్న ఏకైక శిష్యుణ్ణి అని మొదట్లో కోసింది కాస్త సాగదీసిన కోత. బాల్‌రాజు వారం వారం తిన్నాడు. నేను ఒక్కసారే తిన్నాను. అయితే రుచి నాదే ఎక్కువని ఇంతకాలం నమ్ముతూ వచ్చాను.

ఇది రాసిన కొన్నాళ్లకు, మొన్న ఏదో పని మీద బాల్‌రాజు గద్వాలకు వచ్చాడు. ఇప్పుడు వాడి మీసాలూ నెరిశాయి. అనసూయ చాయ్ ఇచ్చింది. ఇదంతా చదివి వినిపించాను. గోడ మీది ఎర్ర గీతను చూశాడు. కప్పు కింద పెట్టాడు.

"మంచిగ రాసినవ్ సారూ. గని ఆయన నిన్నెన్నడన్న 'ఒరేయ్' అన్నడా? కండ్లు కనపడకపోయె. కిటికీ కాడ ఉన్నది నేననుకున్నడు. నీ మనసు ఇరుగుతదని ఇన్నేండ్లు చెప్పలే. ఆ తిట్టు నాది. తుంటి తప్పు మాత్రం నీదే."