గోలీల పువ్వు

ఎనిమిదేళ్లుగా ఒక్క మాట నా గుండెల మీద బరువై కూర్చుంది. "రాసిన." అంతే, ఆ మాట. నిజానికి నేను రాయలేదు. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు, కలిసి పనిచేసినవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో భోపాల్‌పట్నంలో ఒక సహకార సంఘంలో నాది తాత్కాలిక ఉద్యోగం. బోర్లకనీ ఎడ్లకనీ అప్పు తీసుకుని కట్టలేకపోయినవాళ్లతో సంఘం సమ్‌ఝౌతా, అంటే రాజీ ఒప్పందం, చేసుకునేది. పద్ధతి మంచిదే. ఇంటికి నెలకు ఎంత వస్తుంది, బతకడానికి తప్పనిసరిగా ఎంత ఖర్చవుతుంది అని ఒక కాగితంలో రాసి, మిగిలినదాన్నే కిస్తుగా కట్టించుకోవాలి. ఉప్పు, నూనె, బట్టలు, బడి, వైద్యం, బస్సు, అన్నిటికీ గడులున్నాయి. మాది హిందీ రాష్ట్రం కనుక కాగితం హిందీలో ఉండేది. తెలుగువాళ్లనూ దోర్ల గిరిజనులనూ అడిగి దాన్ని నింపడం నా పని. వాళ్లలో చాలామందికి చదువు రాదు. నేను ఏం రాస్తే అదే వాళ్లు చెప్పినట్టు.

సమ్మక్క వచ్చింది సంత రోజున. ఆమె బోరులో నీళ్లు పడలేదు, అప్పు మాత్రం మిగిలింది. భర్త ముత్తయ్యకు మూర్ఛ జబ్బు. రోజూ గోలీలు వేసుకుంటే అందరిలాగే నాగలి పట్టేవాడు. మానేస్తే ఎప్పుడు ఎక్కడ పడిపోతాడో తెలియదు. ఆ గోలీలు సర్కారు దవాఖానలో ఒకసారి ఉంటే రెండుసార్లు ఉండేవి కావు. తర్లగూడ మీదుగా గోదావరి దాటి ఏటూరునాగారం వెళ్లి తెచ్చుకునేవారు.

ఆదాయం దగ్గర ఇప్పపువ్వు గురించి అడిగాను.

"అమ్ముతం తమ్మీ, గని అది ఆయన గోలీల పువ్వు," అంది. "సంతకు ఇన్నిన్ని తెచ్చి అమ్మి, ఆ పైసలు గోలీలకే ముడేసి పెడ్త. దాన్ని లెక్కల పట్టకు."

"సరే అక్కా, పట్టను."

"మరి గోలీలు, బస్సుకిరాయి? అవి రాసినవా?"

"రాసిన."

మా వైపు ఎండిన పువ్వు ఒక్కసారే అమ్మరు. గంపలో దాచుకుని, అవసరం పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం తీస్తారు. ఏ గంప దేనికో ఇంటి ఆడవాళ్లకే తెలుసు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పువ్వు మొత్తాన్నీ ఆదాయంలో వేశాను. వైద్యం గడి, బస్సు గడి ఖాళీగా వదిలేశాను. ఆమె చేత వేలిముద్ర వేయించాను.

ఎందుకు చేశాను? మందులు రాస్తే అసలు సమ్‌ఝౌతానే కాదేమో, పొలం పోతుందేమో, నేను ఆమెకు మేలే చేస్తున్నాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మందులు రాస్తే కిస్తు సగానికి తగ్గేది, మూడేళ్ల గడువు ఆరేళ్లయ్యేది. నియమాలు ఒప్పుకుంటాయి. మేనేజరు సారు అలాంటి ఫైలు ఒక్కటి కూడా తిప్పి పంపలేదు. కాకపోతే మూడేళ్లలో తీరే ఫైళ్లు ఎక్కువ చేస్తే నా ఉద్యోగం ఖాయమవుతుందని నా లెక్క. ఆ లెక్కలో ముత్తయ్య లేడు.

ఆమె ఒక్క కిస్తు తప్పలేదు. సమ్మక్కను చూసి నేర్చుకోండని సారు అందరికీ చెప్పేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆమెను మెచ్చుకుంటుంటే నేను తల దించుకునేవాణ్ణి.

రెండో ఏడు చలికాలంలో ముత్తయ్య కళ్లం దగ్గర చలి కాచుకుంటూ మూర్ఛ వచ్చి మంటలో పడ్డాడు. కుడిచేయి మోచేతిదాకా కాలింది. ప్రాణం దక్కింది, కాని వేళ్లు ముడుచుకుపోయాయి. మళ్లీ నాగలి పట్టలేదు. ఆ నెల కూడా సమ్మక్క కిస్తు తెచ్చింది. కిస్తు కట్టాక పైసలు చాలక గోలీలను సగం సగం విరిచి ఇస్తూ వచ్చానని, మొగుడి చేయి తానే కాల్చుకున్నానని నా బల్ల ముందు నిలబడి ఏడ్చింది. ఖర్చులు మారితే కాగితం తిరిగి రాయవచ్చు, అది కూడా నియమమే. ఆ రోజైనా ఎందుకు నోరు విప్పలేదు? తిరిగి రాస్తే పాత కాగితం బయటికి తీయాలి. ఖాళీ గడులు సారు చూస్తాడు. నేను డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాను.

గడి ఖాళీగా వదలడం కన్నా ఆ రసీదు ఇవ్వడమే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పు తీరింది. నా ఉద్యోగం ఖాయమైంది. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం సమ్మక్క మా ఇంటికి ఓ సంచి ఇప్పపువ్వు తెస్తుంది. నేను కాగితం మంచిగా రాయబట్టే పొలం నిలిచిందంటుంది. నా భార్య దాన్ని వేయించి, బెల్లం కలిపి ముద్దలు చేస్తుంది. అది నాకు మింగుడుపడదని చెప్పి మీ దగ్గర మంచివాణ్ణి కాలేను. తింటాను. రుచిగానే ఉంటుంది.

ఆమె తిడుతుందని నాకు భయం లేదు. మొగుడి చేయి తన వల్లే పోయిందని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది. అది కాదని చెప్పగలిగినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. తెలిసి కూడా ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఆ పాత కాగితం ఎక్కడుందో తెలియదు. అందులో రాయనివి ఇక్కడ రాస్తున్నాను. వైద్యం: ముత్తయ్య గోలీలు, రోజూ, నిండు గోలీలు. బస్సు: ఏటూరునాగారం, నెలకోసారి, రానూపోనూ. ఇప్పపువ్వు: లెక్కలో పట్టరాదు.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. రేపు సంత, సమ్మక్క వస్తుంది. ఆమెకు చదవడం రాదు కనుక ఇది నేనే చదివి వినిపించాలి. ఈసారి రాసింది రాసినట్టు.