కోళ్లకు పెట్టిన తరవాణి

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని ఆ ఏడాది, నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఒకవేళ ఉన్నా ఫోను చెప్పేసేది. రాజోలు దగ్గర మా ఊళ్లో తిని కూర్చునే కుర్రాడికి (ఇది మా నాన్న మాట, నాది కాదు) అంతకు మించిన జ్ఞానం దేనికి? అలాంటి నా చేతిలో మా మేనత్త తన ఎనిమిది కోళ్లనూ పెట్టి, కంటి ఆపరేషనుకి అమలాపురం బయల్దేరింది. పది రోజులు అక్కడే కూతురింట్లో ఉండాలట. మావయ్య పోయాక ఆ ఇంట్లో ఆవిడ పొద్దస్తమానం మాట్లాడేది ఆ కోళ్లతోనే. "ఒరేయ్ అబ్బాయ్, పొద్దున్నే నూకలు జల్లు, సాయంత్రం గూట్లోకి తోలు. అంతకన్నా ఏం చెయ్యకు" అని మరీ మరీ చెప్పి ఆటో ఎక్కింది.

ఆ చివరి మాటే నాకు నచ్చలేదు. మేత పులియబెట్టి పెడితే కోళ్లకు బాగా అరుగుతుందని, గుడ్లు బాగుంటాయని ఎవరో ఫోనులో చెబుతుంటే సగం విని ఆపేశాను. పులియబెట్టడం గోదావరి వాళ్లకి ఒకరు నేర్పాలా? గంజినీళ్లు కుండలో పులియబెట్టి, ఆ తరవాణిలో అన్నం వేసుకుని ఎండాకాలమంతా తిని పెరిగినవాళ్లం. బకెట్లో తవుడూ నూకలూ నానబోసి, మా నాయనమ్మ తరవాణి కుండలో ఏమేం వేసేదో అన్నీ వేశాను. వాము, దబ్బాకులు, గుప్పెడు ఉప్పు. (కోడికి దబ్బాకు దేనికని మీకు అనుమానం రావచ్చు. నాకు రాలేదు.) తరవాణి కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు, మిగిలినదాని మీదే కొత్త గంజి పోస్తారు. నేనూ అంతే. రోజూ కావలసినంత మేత తీసి, కొత్త తవుడు, కొత్త నీళ్లు, మర్యాదకి లోటు రాకుండా ఇంకో గుప్పెడు ఉప్పు.

కోళ్లు తిన్నాయి. తిని నీళ్లు తాగాయి, మళ్లీ తాగాయి. మూకుడు నింపలేక నా నడుం పడిపోయింది. 'ఆహా, ఎంత అరుగుదల!' అని మురిసిపోయాను. నాలుగో రోజు పొద్దున్న నల్లపెట్ట కాళ్లు చాపేసి లేవలేకపోయింది. పశువులాసుపత్రి కాంపౌండరుగారిని బతిమాలి తీసుకొచ్చేసరికి అదీ, ఇంకోటీ చచ్చిపోయాయి.

"ఏం పెడుతున్నారండీ?"

చెప్పాను, కాస్త గర్వంగానే.

"ఉప్పు గానీ వేసేరా?"

"ఆయ్, వేసేనండీ."

"ఏమాత్రం?"

గుప్పిట చూపించాను. ఆయన దానివంక చూసి, తెచ్చిన పెట్టె తెరవకుండానే పక్కన పెట్టేశారు. "దీనికి మందు లేదండీ. ఆ మేత ఆపేసి మంచినీళ్లు కొంచెం కొంచెంగా పట్టండి. ఉండేవి ఉంటాయి." వెళ్లబోతూ ఆగి, "బాబుగారు ఏం చదివేరండీ?" అన్నారు.

"బీయస్సీ అండీ."

"ఆయ్" అన్నారాయన. అంత చిన్న మాటతో ఎవరూ నన్ను అంత తిట్టలేదు.

మర్నాటికి మూడే మిగిలాయి. అత్తయ్య సాయంత్రాలు ఫోను చేసి "నల్లది గుడ్డు పెట్టిందట్రా?" అని అడిగితే "పెట్టిందత్తా" అంటూ వచ్చాను. నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చిన రోజున ఇంట్లోకి కూడా వెళ్లకుండా పెరట్లో నిలబడి కోళ్లను పిలిచింది. మూడొచ్చాయి. మసక చూపు వల్లనేమో అనుకుని, వంగి మళ్లీ పిలిచింది.

"మిగతావి ఏయిరా?"

అంతా చెప్పేశాను. ముట్టుకోడానికి భయమేసి నేను మూలన వదిలేసిన బకెట్ దగ్గరికి వెళ్లి, వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"బాగానే కుదిరిందిరా" అంది. "అచ్చం మీ నాయనమ్మ చేతి తరవాణే."

అద్దాల కింద నుంచి చెంపలు తడిశాయి. "ఏడవకూడదన్నారు కదత్తా, కంటికి" అన్నాను.

"ఏడవట్లేదురా. చుక్కలమందు."

ఆవిడ ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకూ పెరట్లో కోళ్లున్నాయి, పులిసిన మేతే పెడతాను, ఉప్పు లేకుండా. ఎవరైనా పద్ధతి అడిగితే ముందు ఆ బీయస్సీ కుర్రాడి ఘనకార్యం చెబుతాను. వాళ్లు పడీ పడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కొబ్బరిచెట్ల వెనక ఐదు గుంతలు తవ్వుతూ వాడు వెక్కి వెక్కి ఏడ్చిన సంగతి మాత్రం చెప్పను.